ఆకుపచ్చ చుక్క

నన్ను అనుమానం మనిషి అంటారు. అందులో నిజమెంతో నాకు అనుమానమే.

ఉద్యోగం బస్‌స్టాండులో. మైకు ముందు కూర్చుని ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తోందో చెప్పడం. కాగితం మీద "వచ్చును" అని ఉంటుంది, నేను "రావచ్చును" అని చదువుతాను. ఇన్నేళ్ళ సర్వీసులో నేను సొంతంగా కనిపెట్టిన సత్యం అదొక్కటే. ఇంట్లో మైకు లేని లోటు గొంతుతో తీర్చుకుంటాను. నేను హాల్లో కూర్చుని మంచినీళ్ళు అడిగితే పక్క వాటావాళ్ళు కూడా ఒక గ్లాసు పట్టుకొస్తారని మా ఆవిడ అందరికీ చెబుతుంది.

ఆ వేసవి మొదట్లో మా ఇంట్లో రెండు గొడవలు ఒకేసారి బయల్దేరాయి. ఒకటి మా నాన్న సంచీ, రెండోది మా అమ్మాయి కంప్యూటరు. రెండూ వేరువేరు రూట్లలో వెళ్ళాల్సిన బస్సులు. ఒకే ప్లాట్‌ఫారం మీదికొచ్చి గుద్దుకున్నాయి.

సంచీ సంగతి ముందు చెబుతాను. నాన్న టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో వైర్లు కలిపి రిటైరైన మనిషి. ఊళ్ళో సగం పెళ్ళిళ్ళు, ముప్పాతిక తగాదాలు ఆయన కలిపిన వైర్ల మీదుగానే జరిగాయి. రిటైరై వస్తూ ఒక ఖాకీ సంచీ తెచ్చుకున్నాడు. అందులో కటింగ్ ప్లయరు, స్క్రూడ్రైవర్లు, రంగురంగుల దారాల ఉండలు, బుల్లి బుల్లి రంగు సీసాలు. మా ఇంట్లో ప్రతి వైరుకీ ఎక్స్ఛేంజి పద్ధతిలో ఒక రంగు దారం కట్టి ఉంటుంది. అది వెళ్ళి దూరాల్సిన చోట అదే రంగు చుక్క పెట్టి ఉంటుంది. దారం చూడాలి, చుక్క చూడాలి, కలపాలి. "ఇక్కడ బుర్ర వాడకూడదురా. బుర్ర పొరపాటు పడుతుంది, రంగు పడదు," అంటాడు. ఇంట్లో ఇంకెవరూ వైరు ముట్టుకోకూడదు. ఫోను చార్జరు పెట్టుకోవాలన్నా ఆయన చూపు దాటి పెట్టుకోవాలి.

అలాంటి మనిషి ఆ వేసవిలో గుమ్మం బెల్లు బాగుచేశాడు. పాలవాడు వచ్చి నొక్కాడు. బెల్లు మోగలేదు కానీ మా ఇంట్లో ఫ్యూజు, పక్క వాటాలో ఫ్యూజు, పాలవాడి గుండె మూడూ ఒకేసారి ఎగిరాయి.

కబురు తెలిసి చెల్లెలు వచ్చింది, మొగుణ్ణి వెంటబెట్టుకుని.

"నాన్నకి చూపు ఆనడం లేదన్నయ్యా," అంది వంటింట్లో గొంతు తగ్గించి. "ఎర్ర వైరేదో నల్ల వైరేదో తెలియట్లేదు. ఈసారి ఫ్యూజు పోయింది. రేపు మనిషే పోతే?"

"సంచీ ఎక్కడైనా దాచేద్దామా?" అంది మా ఆవిడ.

"దాచొద్దు. ఒక్క ఛాన్సిద్దాం," అన్నాను నేను. "ఇంకొక్క తప్పు జరిగిందా, సంచీ అటకెక్కుతుంది. బెల్లు కొట్టినట్టు చెబుతున్నా. ఆ బెల్లు కాదు, మంచి బెల్లు."

రహస్యంగానే అన్నాను. నా గొంతుకి ఎంత రహస్యం సాధ్యమో అంత. పెరట్లో కుర్చీలో కూర్చున్న నాన్న ఇటు తిరగలేదు. కింద పెట్టిన సంచీని మాత్రం తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. గుమ్మానికి ఆనుకుని నిలబడ్డ బావ ఆయన్నే చూస్తున్నాడు.

బావంటే చెల్లెలి మొగుడు. నేను అతన్ని బావా అంటాను, అతను నన్ను బావా అంటాడు. ఈ చుట్టరికంలో ఎదురెదురుగా వచ్చే రెండు బస్సులకీ ఒకే నంబరు. బస్‌స్టాండు వెనక సందులో కంప్యూటరు విడిభాగాల కొట్టు పెట్టి అప్పటికింకా ఏడాది కాలేదు. మాటకారి. స్క్రూ విప్పేటప్పుడు స్క్రూతో కూడా మాట్లాడతాడు. మాట్లాడేవాళ్ళని నేను నమ్మను. నేనూ ఆ జాతివాణ్ణే కాబట్టి లోగుట్టు తెలుసు.

ఇక రెండో గొడవ. మా అమ్మాయి, ఇంట్లో పిలుపు పిడుగు, కాలేజీ సెలవులిచ్చిన మర్నాడే నా ఎదురుగా వచ్చి నిలబడింది.

"నాన్నా, గేమ్ లాగ్ అవుతోంది."

"లాగా? బిగుతా, వదులా?"

"జోకులొద్దు నాన్నా. అయిదుగురం కలిసి ఆడతాం. నేను తుపాకీ ఎత్తేలోపు నన్ను కాల్చేసి, వాళ్ళు టీ తాగి కూడా వచ్చేస్తున్నారు. మా టీములో నన్నేమంటున్నారో తెలుసా? స్లైడ్ షో."

"పేరు బానే ఉందిగా."

"సెలవులయ్యేలోపు కంప్యూటరు బాగుపడకపోతే నా బదులు ఇంకొకర్ని తీసుకుంటారట."

మా ఆవిడ నా వంక చూసింది. ఆ చూపులో రేటు కూడా రాసి ఉంది. బావ కొట్టుకి బయల్దేరక తప్పలేదు.

కొట్టంతా అట్టపెట్టెలు. మధ్యలో బల్ల మీద మా సీపీయూ పొట్ట విప్పుకుని వెల్లకిలా పడుకుని ఉంది. పక్కన బావ డాక్టరులా.

"ఇది మదర్‌బోర్డు."

"మా ఇంట్లో ఫాదర్‌బోర్డు ఉంది. దాని మాటే చెల్లుతుంది. తర్వాత?"

"ఇది ప్రాసెసర్. ఆరు కోర్లు. దీన్ని మార్చక్కర్లేదు."

"మా ఆవిడక్కూడా అన్ని కోర్కెలు లేవు."

"ర్యామ్ ఒక్కటే ఉంది. జంటగా వేస్తే వేగం."

"నాకు ఒంటరిగా ఉన్నప్పుడే వేగం. జంటయ్యాకే ఇలా తయారయ్యాను."

"మావయ్యా, నాన్నని పట్టించుకోకు," అంది పిడుగు. "హార్డ్ డిస్కు తీసేసి ఎస్సెస్డీ పెడదామా?"

"పెడదాం తల్లీ. దాంతో ఆట చటుక్కున తెరుచుకుంటుంది. తెరుచుకున్నాక బొమ్మ పరిగెత్తాలంటే మాత్రం ఇదిగో, ఇది ఉండాలి."

పై అర నుంచి ఇటుకంత వస్తువు దింపాడు. దానికి రెండు ఫ్యాన్లు. గ్రాఫిక్స్ కార్డట. నాకు జీవితంలో ఒక్క ఫ్యాన్ కూడా లేడు.

"కొత్తదేనా?"

"కాదు. బొమ్మలు గీసే స్టూడియో ఒకటి మూసేశారు, వాళ్ళది. ఈ సత్తా ఉన్నది కొత్తది కొనాలంటే నువ్వు మైకు అమ్ముకోవాలి బావా."

"సెకండ్ హ్యాండా! రాత్రింబవళ్ళు ఇంటర్నెట్టులో నాణేలు తవ్వించి, పీల్చి పిప్పి చేసిన కార్డులు అంటగడతారట కదా? ఇది కూడా గని నుంచి నేరుగా వచ్చినట్టుంది. ముక్కు నిండా మసి."

"అది దుమ్ము బావా. ఊదితే పోతుంది."

"నమ్మకం కూడా అంతే."

బావ నవ్వేశాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు. ఇంతలో పాత పవర్ సప్లై ఈ కార్డుని మోయలేదు, అదీ మార్చాలన్నాడు. చవకది వేస్తే అది పోతూ పోతూ మిగతావాటిని కూడా వెంట తీసుకుపోతుందట.

"బాగుంది. కార్డు కొంటే పవర్ సప్లై. పవర్ సప్లై కొంటే ఇది పట్టదని ఇంకో కేసు."

"కేసు అక్కర్లేదు బావా, పాత పెట్టెలోనే పడుతుంది. కొలిచాను."

"కేసు సంగతి నాకొదిలెయ్. అవసరమైతే నేనే పెడతా, వినియోగదారుల కోర్టులో."

అతను నిచ్చెనెక్కి ర్యామ్ పెట్టె వెతుకుతుండగా నేను నా పని కానిచ్చాను. జేబులో మా ఆవిడ గోళ్ళరంగు సీసా ఉంది. బిగించేటప్పుడు కార్డు మార్చేస్తే? అందుకని దాని అంచు మీద ఎవరికీ కనబడని మూల ఒక ఎర్ర చుక్క పెట్టాను. పిడుగు చూసింది.

"నాన్నా, ఏంటది?"

"దిష్టిచుక్క."

బిగించడం అయ్యాక ఇంటికి తెచ్చి తనే అమరుస్తానన్నాడు బావ. అక్కర్లేదన్నాను. దారిలో ఏ ముక్క మాయం చేస్తాడోనని పెట్టెని చంటిపిల్లలా ఎత్తుకుని నేనే బయల్దేరాను.

"బావా, వెనకాల మానిటరు వైరు..." అంటూ వెంటవచ్చాడు.

"మా ఇంటికి కనెక్షన్లు నేర్పుతావా? ఎక్స్ఛేంజి మనిషి ఉన్నాడక్కడ!" అన్నాను. సందంతా వింది. బావ అక్కడే ఆగిపోయాడు.

ఇంట్లో నాన్న సిద్ధంగా ఉన్నాడు. కంప్యూటరు పెట్టడానికి ఆయనే ఒక చెక్క గూడు చేశాడు, బల్ల కింద, గోడకి ఆనించి. వెనక్కి చెయ్యి పోవాలంటే నేల మీద పడుకోవాల్సిందే. నాన్న పడుకున్నాడు. మా ఆవిడ టార్చి పట్టుకుంది.

"పసుపు దారం, పసుపు చుక్క. కీబోర్డు," అన్నాడు లోపలినుంచి, హాజరు పిలిచినట్టు. "నీలం దారం, నీలం చుక్క. మౌసు. ఆకుపచ్చ దారం, ఆకుపచ్చ చుక్క. మానిటరు."

బయటికొచ్చి చేతులు దులుపుకుని "రైట్," అన్నాడు. ఎక్స్ఛేంజిలో లైను కలిసినప్పుడు అనేవాడట ఆ మాట.

తెర వెలిగింది. అందరం చప్పట్లు కొట్టాం. ఆట చటుక్కున తెరుచుకుంది కూడా. పిడుగు చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని యుద్ధానికి దిగింది. తెర మీద ఆమె సైనికుడు ఒక అడుగు వేశాడు. ఆగాడు. ఆలోచించాడు. మాయమై గోడలో తేలాడు.

"ఎలా ఉందమ్మా?" అన్నాడు నాన్న.

"తొందరగా తెరుచుకుంది తాతయ్యా."

"ఆట సంగతి?"

పిడుగు హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టింది. సెట్టింగుల్లోకి వెళ్ళి వెతికింది. కార్డు పేరు అక్కడ శుభ్రంగా కనబడుతోంది.

"పేరైతే చూపిస్తోంది నాన్నా."

"పేరుదేముంది? ఆఫీసు రిజిస్టర్లో నేనూ రోజూ హాజరే."

పేర్లు మార్చి అమ్మే నకిలీ కార్డులు ఉంటాయని ఆమె టీమువాళ్ళు కూడా చెప్పారట. నా అనుమానానికి ఇంక సాక్షులు కూడా దొరికారు. బావకి ఫోన్ కొట్టాను.

"డ్రైవర్ పాతదయ్యుంటుంది బావా. కొత్త డ్రైవర్ వేసి చూడమను."

"బస్సు కదలకపోతే డ్రైవర్ని మార్చమని మా డిపోలోనూ అంటారు. ఇంజనే లేదని ఎవరూ ఒప్పుకోరు!"

"నేనొచ్చి చూస్తాను."

"వద్దు. నేను చెప్పినప్పుడు రా."

రానిస్తే సాక్ష్యం మాయం చేస్తాడని నా భయం. పిడుగు కొత్త డ్రైవర్ వేసింది. సైనికుడు గోడలోంచి ఇంకో గోడలోకి మారాడు, అంతే. పిడుగు కంప్యూటరు ముందు కూర్చోవడం తగ్గించేసింది. టీమువాళ్ళ ఫోన్ మోగితే గది తలుపు వేసుకునేది.

నేను మాత్రం ఊరుకోలేదు. టీకొట్టు దగ్గర కండక్టర్లతో మామూలుగానే అన్నాను. మా బావ అమ్మేది గ్రాఫిక్స్ కార్డు కాదు, అందులో గ్రాఫూ లేదు ఫిక్సూ లేదు, ఉత్త శుభలేఖ కార్డని. బాగా నవ్వారు. ఆ వారంలోనే ఒక కండక్టరు కొడుక్కని చెప్పిపెట్టిన కంప్యూటరు వద్దనుకున్నాడట. తర్వాత ఇంకొకరు. నాకెలా తెలిసిందంటే, చెల్లెలు వచ్చి చెప్పింది. చెప్పులు విప్పకుండానే.

"ఏం అన్నయ్యా, బస్‌స్టాండంతా మా ఆయన్ని నకిలీ కార్డు అంటున్నారట?"

"నేనెవరికీ చెప్పలేదు. టీ తాగుతూ మామూలుగా అనుకున్నాం."

"నువ్వు మామూలుగా అనుకుంటే అన్ని ప్లాట్‌ఫారాలకీ వినబడుతుంది!"

"కార్డు మంచిదైతే ఆట ఎందుకాడదు? చెప్పు."

"కార్డేనా ఉంది? వైర్లు సరిగ్గా..." అంటూ ఆగిపోయింది.

నాన్న వాకిట్లో నిలబడి ఉన్నాడు. భుజానికి సంచీ.

"చూసుకోమ్మా," అన్నాడు. "దారం ప్రకారమే ఉంది."

మొగుడు మోసగాడైనా కావాలి, నాన్న కళ్ళైనా పోయి ఉండాలి. చెల్లెలు ఆ రెంటి మధ్యా నిలబడిపోయింది. నేనే నేల మీద పడుకుని టార్చి వేశాను. పసుపుకి పసుపు. నీలానికి నీలం. ఆకుపచ్చకి ఆకుపచ్చ. ఒక్కొక్కటీ గట్టిగా చదివి వినిపించాను. ఒక్క తప్పు లేదు.

"నాన్న నిర్దోషి," అన్నాను దుమ్ము దులుపుకుంటూ.

మిగిలిన ముద్దాయి ఎవరో చెప్పక్కర్లేదు. మా ఆవిడ తెచ్చిన మంచినీళ్ళు ముట్టుకోకుండా చెల్లెలు వెళ్ళిపోయింది. ఆ తర్వాత రాలేదు. ఆదివారం మధ్యాహ్నాలు మా ఇంట్లో వినబడే నవ్వుల్లో సగం ఆమెవేనని అప్పుడు తెలిసింది. మిగతా సగం నావి, అయితే నా జోకులకి నేనొక్కణ్ణే నవ్వుకోవడం ఎంతసేపు?

చివరికి పిలవకుండానే బావ వచ్చాడు, ఒక్కడే. కొట్టుకి తాళం వేసి వచ్చాడట. పట్టపగలు కొట్టుకి తాళం వేశాడంటేనే నా అనుమానం చెవులు రిక్కించింది.

"ఒక్కసారి చూసి పోతాను మావయ్యగారూ," అన్నాడు నాన్నతో.

"చూడండి అల్లుడుగారూ. నా వైర్లు మాత్రం లాగొద్దు."

బావ నేల మీద పడుకుని గూటి వెనక్కి దూరాడు. ఎప్పటిలాగే మాట్లాడుతున్నాడు, ఎవరితోనో తెలియదు. "ఏమ్మా పవర్ సప్లై, బాగున్నావా? ఫ్యాన్లు తిరుగుతున్నాయి, భేష్. నువ్వేంటమ్మా ఇలా..."

మాట ఆగిపోయింది.

నిద్రలో కూడా ఆగని నోరది. నేను మా ఆవిడ వంక చూశాను, దొరికాడన్నట్టు. గూటి వెనకనుంచి చిన్న చప్పుడు, సీసా బిరడా తీసినట్టు. బావ మెల్లిగా బయటికొచ్చాడు. ముక్కు మీద దుమ్ము. కుడి పిడికిలి బిగించి ఉంది. ముందు నాన్నని చూశాడు, తర్వాత ఆయన ఒళ్ళో సంచీని. సంచీ పట్టీని నాన్న రెండు చేతులా పట్టుకుని ఉన్నాడు.

"కార్డే పోయింది మావయ్యగారూ," అన్నాడు బావ.

"చూశావా!" నా అరుపుకి పక్క వాటాలో కుక్క కూడా అరిచింది. "నేను మొదటిరోజే చెప్పాను!"

"అవును బావా. నువ్వు చెప్పావు."

"కనెక్షన్ ఏమైనా..." అన్నాడు నాన్న.

"మీ కనెక్షన్లకి వంక పెట్టలేం. నా సరుకే తప్పు. పెట్టె కొట్టుకి పట్టుకెళ్ళి వేరే కార్డు వేసి తెస్తాను. వైర్లు మళ్ళీ మీరే పెట్టాలి."

నాన్న చేతులు పట్టీ మీద సడలాయి. నా కళ్ళు మాత్రం ఆ పిడికిలి మీదే ఉన్నాయి. పిడికిలి జేబులోకి వెళ్ళింది, ఖాళీగా బయటికొచ్చింది. ఏదో ముక్క పీక్కుపోతున్నాడు! అడగబోతే మా ఆవిడ నా కాలు తొక్కింది. "తప్పు ఒప్పుకున్నాడుగా. ఇంకా ఏంటండీ?"

అదే నా అనుమానం. ఇంత సులువుగా ఎవరు ఒప్పుకుంటారు?

వారం తిరక్కుండానే పెట్టె తిరిగొచ్చింది. నాన్న మళ్ళీ నేల మీద పడుకున్నాడు. పసుపు, నీలం పిలిచాడు. ఆకుపచ్చ దగ్గర మటుకు కాసేపు ఏమీ వినబడలేదు.

"ఏంటి మావయ్యగారూ?" అంది టార్చి పట్టుకున్న మా ఆవిడ.

"ఏం లేదమ్మా. ఆకుపచ్చ దారం, ఆకుపచ్చ చుక్క. మానిటరు. రైట్."

పిడుగు ఆట తెరిచింది. ఈసారి సైనికుడు పరిగెత్తాడు. నీళ్ళలో దూకితే నీళ్ళు చిందాయి, ఆ చినుకుల్లో ఆకాశం కూడా కనబడింది. పిడుగు పేరు సార్థకం చేసుకుంటూ ఇంటి పైకప్పు లేచేలా అరిచింది. నా పోలికే.

"సరుకు మంచిదైతే లైను కలవకపోవడం ఉండదు," అన్నాడు నాన్న, ఎవరినీ చూడకుండా.

అందరూ భోజనాలకి లేచాక నేను పెట్టె పక్క తలుపు తీశాను. కొత్త కార్డు కూడా సెకండ్ హ్యాండేనా, థర్డ్ హ్యాండా? తొంగి చూశాను. మూలన ఎర్ర చుక్క. మా ఆవిడ గోళ్ళరంగు.

అదే కార్డు!

పోయిందని పట్టుకెళ్ళి, అదే తెచ్చి వేసి, కొత్తదన్నాడు. ఒకే కార్డుతో రెండుసార్లు మోసం. కానీ ఆట ఎలా ఆడుతోంది మరి? టార్చి తీసుకుని గూటి వెనక్కి దూరాను. ఆకుపచ్చ దారం ఉన్న మానిటరు వైరు ఇంతకుముందు పైన ఉండేది. ఇప్పుడు కింద ఉంది, కార్డు తాలూకు రేకులో. ఆ పక్కనే ఆకుపచ్చ చుక్క. పైన పాత సాకెట్టు ఖాళీగా ఉంది. దాని పక్కన చుక్క లేదు. గీకిన గుర్తు ఉంది.

భోజనం చేయకుండానే కొట్టుకి నడిచాను. దారి పొడుగునా అరవాల్సిన మాటలు కూడబలుక్కున్నాను. తీరా వెళ్ళేసరికి ఒక్కటే మిగిలింది.

"అదే కార్డు."

"అదే," అన్నాడు బావ. ఏదో ఫ్యాను తుడుస్తున్నాడు. తల ఎత్తలేదు.

"పోయిందన్నావు?"

సొరుగు లాగి ఒక చిన్న నల్ల రబ్బరు మూత తీసి బల్ల మీద పెట్టాడు.

"మానిటరు వైరు కార్డులోకి వెళ్ళాల్సిన సాకెట్టు మూత ఇది. ఇది తీయకుండా అందులో ఏ వైరూ దూరదు. ఆరోజు మీ ఇంట్లో చూసినప్పుడు దాని మీదే ఉంది."

నాకు అర్థం కావడానికి కొంత సమయం పట్టింది. కొత్త బస్సు తలుపు మూసుకుని డిపోలోనే నిలబడి ఉంది. మేమంతా పాత బస్సెక్కి, కొత్త బస్సు నడవట్లేదని నెలరోజులు తిట్టుకున్నాం.

"నేను టార్చి వేసి చూశాను బావా. ఆకుపచ్చకి ఆకుపచ్చే ఉంది."

"ఉంది. ఆయన తప్పేం చేశాడు? చుక్క ఎక్కడుంటే అక్కడే పెట్టాడు. చుక్కే పాతచోట ఉంది."

"ఆ మాట అప్పుడే చెప్పొచ్చుగా!"

"చెబితే మీరు వినేది నాన్న తప్పు పెట్టాడన్నంతవరకే. ఆ వెనకాల మాట ఎవరికి కావాలి? నువ్వు తీర్పు చెప్పేసి కూర్చున్నావు. సంచీ ఆ పూటే అటకెక్కేది."

"నాకైనా చెవిలో చెప్పాల్సింది."

"చెవి వరకు పర్లేదు బావా. దాని పక్కనే నోరుంది."

సందువైపు ఒకసారి చూసి గొంతు తగ్గించాను, నాకు సాధ్యమైనంత.

"చెల్లెలికి తెలుసా?"

"తెలీదు. పుట్టింట్లో పరువు తీశానని మాట్లాడడం మానేసింది. అదీ మంచిదేలే, ఇంట్లో నేనొక్కణ్ణే మాట్లాడుకుంటున్నాను."

నవ్వుతూనే అన్నాడు. ఫ్యాను మాత్రం అప్పటికే తుడిచిందే తుడుస్తున్నాడు. కొట్లో మేమిద్దరం తప్ప ఎవరూ లేరు. ఇంతలో మా డిపో కండక్టరొకడు సందులోంచి పోతూ నన్ను చూసి ఆగాడు.

"ఏం గురూగారూ, శుభలేఖల కొట్లో ఉన్నారు?"

బావ తల వంచుకున్నాడు. నేను గొంతు సవరించుకున్నాను.

"కార్డు పోయిందన్న మాట నా నోట్లో ఉండగానే, కొట్టుకి తాళం వేసి ఇంటికొచ్చి, పెట్టె మోసుకెళ్ళి, వేరేది వేసి తెచ్చిన మనిషి ఈ ఊళ్ళో ఎవడున్నాడయ్యా? ఇప్పుడు మా ఇంట్లో ఆట చూడు, సినిమాహాలు మూసేసుకోవాలి! మీవాడికి కంప్యూటరన్నావు కదా, లోపలికి రా!"

అబద్ధం. ఇంత గట్టిగా ఎప్పుడూ చెప్పలేదు. ప్లాట్‌ఫారాలన్నిటికీ వినబడే ఉంటుంది. కండక్టరు లోపలికి రాలేదు కానీ, సాయంత్రం వస్తానన్నాడు. ఆ తర్వాత టీకొట్టు దగ్గర ఎన్నిసార్లు అదే అబద్ధం చెప్పానో లెక్కలేదు. ఎవరైనా విసుక్కుంటే ఇంకోసారి చెప్పాను.

చెల్లెలి దగ్గరికి నేనే వెళ్ళాను. బావ నిజాయితీపరుడని నేను చెబుతుంటే నన్ను అనుమానంగా చూసింది. మా రక్తమే కదా.

మొదటి వాన పడే రోజుకి అందరం మళ్ళీ మా ఇంట్లో చేరాం. పిడుగు టీము పోటీలో తొలి ఆటలోనే ఓడిపోయింది. అయితే చివరిదాకా నిలబడింది పిడుగేనట. ఇప్పుడు ఎవరూ స్లైడ్ షో అనడం లేదట. తను ఎలా కాల్చిందో అత్తకి కుర్చీ ఎక్కి చూపిస్తోంది. బావ ఆమె చేతిలో లేని తుపాకీతో కూడా మాట్లాడుతున్నాడు. చెల్లెలు నవ్వుతోంది.

"అల్లుడుగారూ, ఒక్క నిమిషం," అన్నాడు నాన్న.

సంచీ తెరిచి, దారాల ఉండలు పక్కకి జరిపి, అడుగునుంచి ఒక చిన్న సీసా తీశాడు. దాన్ని కిటికీ వెలుతురుకి ఎత్తి చూసి బావ చేతిలో పెట్టాడు.

"మీరు పెట్టిన ఆకుపచ్చ కాస్త ముదురు. ఈసారి ఇది వాడండి."

బావ నోరు ఆ వేసవిలో రెండోసారి ఆగిపోయింది. రెండు చేతులా సీసా పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

"ఏ ఆకుపచ్చ నాన్నా?" అంది చెల్లెలు.

నాన్న సంచీ మూసి పట్టీ బిగించుకుంటున్నాడు. బావ సీసానే చూస్తున్నాడు. ఇద్దరూ చెప్పకపోయేసరికి చెల్లెలు, మా ఆవిడ, పిడుగు ముగ్గురూ నావైపు తిరిగారు. ఈ ఇంట్లో ఏ విషయమైనా ఎనౌన్స్ చేసేది నేనే కదా.

"వాన పెద్దదయ్యేలా ఉంది," అన్నాను. "కిటికీలు వేసెయ్యండి."

"ఏంటి నాన్నా?" అంది పిడుగు. "వినబడలేదు. గట్టిగా చెప్పు."